మంత్రిగారి పుస్తకాన్ని ఎవరూ దొంగిలించలేదు

"ఈ క్షణం నుంచి రచయిత కంట నీరు ప్రభుత్వం కంట నీరే!" అని సాంస్కృతిక శాఖ మంత్రిగారు ప్రకటించగానే హాలు చప్పట్లతో దద్దరిల్లింది. ఈ-పుస్తకాల పైరసీ మీద యుద్ధం ఆ విధంగా మొదలైంది. ఆ వాక్యం రాసింది నేనే. ఆ శాఖలో పత్రికా ప్రకటనలు రాయడం నా ఉద్యోగం. మంత్రిగారు దాన్ని ఒక్క తప్పు లేకుండా చదివారు. మహానుభావుడు.

యుద్ధమన్నాక బాధితులు కావాలి కదా. వేదిక మీద శాలువా కప్పి మా అక్కను కూర్చోబెట్టారు. అక్క నవలలు రాస్తుంది. మూడు భాగాల నవలలో రెండు అచ్చయ్యాయి. మొదటిది విడుదలైన వారానికి అందరి ఫోన్లలోకీ చేరింది. రెండోది ఇంకా చురుకైనది, విడుదల సభకంటే ముందే చేరింది. అందరూ చదివారు, ఎవరూ కొనలేదు. మూడో భాగం రాసి పెట్టుకుని అక్క ఎదురు చూస్తోంది. ప్రచురణకర్త "చూద్దామమ్మా" అంటున్నాడు. ఈ నవల కోసం బడిలో ఉద్యోగం వదులుకున్న మనిషి, ఇప్పుడు వాషింగ్ మెషీన్లతో ఇచ్చే, ఎలా వాడాలో చెప్పే పుస్తకాలు అనువదిస్తోంది. వాటిని ఎవరూ పైరసీ చెయ్యరు.

మంత్రిగారు వెంటనే కమిటీ వేశారు. తొలి సమావేశంలోనే పీఏగారు అసలు విషయం పట్టుకున్నారు.

"పైరసీ అంటే ఏంటో చూడకుండా ఎలా అరికడతాం సార్?"

"నిజమేనయ్యా. శాంపిల్ తెప్పించు."

"తెప్పించడమెందుకు సార్, నా ఫోన్లోనే ఉంది."

అక్క నవల రెండు భాగాలూ అధ్యయనం నిమిత్తం సభ్యులకు వెళ్లాయి. సభ్యుల నుంచి మిగతా శాఖలకు, శాఖల నుంచి కింది కార్యాలయాలకు, అక్కడి నుంచి ఇళ్లకు వెళ్లాయి. 'ఇది పైరసీ కాపీ, ఎవరికీ పంపరాదు' అని ఎర్ర అక్షరాలతో రాసి మరీ పంపారు. ప్రభుత్వం ఇంత జాగ్రత్తగా పనిచెయ్యడం నేనెప్పుడూ చూడలేదు.

మంత్రిగారు అక్కను పిలిపించి అభినందించారు.

"అమ్మా, మీ రెండో భాగం చదివి ఏడ్చేశాను. మా ఆవిడ ఏడ్చింది. మా డ్రైవరైతే బండి పక్కకు ఆపి మరీ ఏడ్చాడు."

"కొన్నారా అండీ?"

"ఛఛ, కొనడమేంటమ్మా! అధ్యయనం చేశాం. మూడోది ఎప్పుడు?"

"అచ్చు వేసేవాళ్లుంటే అండీ."

"అచ్చెందుకమ్మా ఈ రోజుల్లో! ఫోన్లో పెట్టెయ్యండి. ఎవడు దొంగిలిస్తాడో మేం చూస్తాం."

అక్క నావైపు చూసింది. నేను పైన తిరుగుతున్న ఫ్యాను చూశాను.

రచయితల కష్టం స్వయంగా అనుభవించాలన్న గొప్ప ఉద్దేశంతో మంత్రిగారు కూడా ఒక ఈ-పుస్తకం వెలువరించారు. 'నా జీవితం, మొదటి సంపుటం'. శాఖంతా కూర్చుని రాశాం. పాస్‌వర్డ్, వేలిముద్ర, ఓటీపీ, అన్ని తాళాలూ వేశాం. ఓసారి మంత్రిగారికే తెరుచుకోలేదు. పైరసీ నిఘా విభాగం కంప్యూటర్ల ముందు కళ్లార్పకుండా కూర్చుంది. ఒక్క దొంగా రాలేదు. 'పైరసీని సమూలంగా నిర్మూలించాం' అని నేను ప్రకటన రాసి తీసుకెళ్తే మంత్రిగారు ఆ కాగితం నా మొహాన కొట్టారు.

"నిర్మూలించామా? మరి మీ అక్క పుస్తకం ఎలా తిరుగుతోందయ్యా? నా పుస్తకానికేం తక్కువ?"

"తక్కువేం లేదు సార్, తాళాలు ఎక్కువయ్యాయి" అన్నారు పీఏగారు.

"తీసెయ్!"

తీసేశారు. ఉచితమన్నారు. లింకు అందరికీ పంపారు. అయినా ఎవరూ ముట్టుకోలేదు. మంత్రిగారు చిక్కిపోయారు.

"దొంగలకు కూడా పనికిరాలేదని ప్రతిపక్షం ఏకిపారేస్తుందయ్యా!"

"నాకొదిలెయ్యండి సార్" అన్నారు పీఏగారు.

ఏం మంత్రమేశారో గానీ, మర్నాటి నుంచి డౌన్‌లోడ్లు పోటెత్తాయి. దొంగ సైట్లన్నీ ఆ ఫైలును ఎగబడి పంచిపెట్టాయి. మంత్రిగారు నిఘా విభాగానికి స్వీట్లు పంచారు.

ఆ సాయంత్రం అక్క ఇంటికి వెళ్లాను. అనువాదం 'బట్టలు పిండేటప్పుడు మూత తెరవరాదు' దగ్గర ఉంది. ఫోన్ మోగింది. ప్రచురణకర్త. అక్క చేతులు టైపింగులో ఉన్నాయని నేనే స్పీకర్ నొక్కాను.

"మూడో భాగం ఫోన్లలోకి వచ్చేసింది కదమ్మా, ఇంక అచ్చెందుకు?"

"మూడో భాగమా? అది నా బల్ల మీదే ఉందండీ. ఎవరికీ చూపించలేదు."

"మీ పేరుంది, నవల పేరుంది, 'మూడో భాగం' అనీ ఉంది. మా ఆవిడ ఆశగా తెరిచింది. ఎవరో పెద్దమనిషి మొదటి పేజీ నుంచీ శంకుస్థాపనలు చేస్తూనే ఉన్నాడట. మీ రాతలో పస పోయిందని పాఠకులు గోల పెడుతున్నారు. ఏమీ అనుకోకండమ్మా, ఇక మీ పుస్తకాలు నేను వెయ్యలేను."

ఫోన్ పెట్టేశాడు. "ఒరేయ్, అందులో ఏముందిరా?" అంది అక్క మెల్లగా. ఆ మొహం చూసే ధైర్యం నాకు లేకపోయింది. సిగ్గుతో చచ్చిపోయాను.

అప్పుడే నా ఫోన్‌కి పీఏగారి సందేశం వచ్చింది.

'మంత్రిగారి రెండో సంపుటం సిద్ధమైంది. మీ అక్కగారి తర్వాతి నవల పేరేంటో కనుక్కుని చెప్పగలరు. అర్జెంటు.'