బావగారి పసుపు చేప

ఆ ఆదివారం పొద్దున కళ్లద్దాలాయన పెట్టుకున్న పని ఒక్కటే. కాఫీ కప్పు పట్టుకుని ముందుగదిలోని ఉప్పునీటి తొట్టె ఎదురుగా కూర్చోవడం, భోజనాల వేళ దాకా లేవకపోవడం. వారమంతా తన కళ్లద్దాల దుకాణంలో జనం చేత గోడమీది అక్షరాలు చదివించి, “ఈ అద్దం బాగుందా, ఇందాకటిది బాగుందా” అని అడిగి అడిగి, సెలవు వచ్చేసరికి ఆయనకు దేన్నీ స్పష్టంగా చూడాలనిపించేది కాదు. నీలం వెలుతురు కింద పగడాలు నిద్రలో ఊపిరి తీస్తున్నట్టు మెల్లగా విచ్చుకునేవి, మెల్లగా ముడుచుకునేవి. నారింజ చారల చేపల జంట పోట్లాడుకోకుండా కాపురం చేసుకునేది. ఎర్రగీతల రొయ్య ఒకటి రాతి అరుగుమీద కూర్చుని మీసాలు దువ్వుకునేది. వాటిని చూస్తూ చూస్తూ ఆయన కూడా ఎక్కడో నీళ్లలో తేలిపోయేవాడు. ఆ సమయంలో ఇల్లు తగలబడినా ఆయనకు తెలియదని భార్య అంటుండేది.

ఇల్లు తగలబడితే ఆర్పే మనిషే ఆ పూట తలుపు కొట్టాడు. భార్యకు స్వయానా అన్నగారు, అగ్నిమాపక కేంద్రంలో అధికారి. ఆయన మామూలుగా మాట్లాడినా పక్కవీధివాళ్లు బకెట్లు వెతుక్కునేవారు. ఇవాళ ఆయన చేతిలో నీళ్లు నింపిన సంచీ, అందులో నిమ్మపండు రంగు చేప ఒకటి.

“బావగారూ, మీకోసమే! మా ఇంటి గుర్తుగా ఉంటుంది. పెద్ద తొట్టెలో వదిలేయండి. నేను డ్యూటీకి పోవాలి,” అని కాఫీ అయినా తాగకుండా వెళ్లిపోయాడు.

కళ్లద్దాలాయనకు జీవితంలో పట్టుదలలు తక్కువ. ఉన్న ఒక్కటీ ఇదే: కొత్త చేప మహారాజుల ఇంటినుంచి వచ్చినా సరే, ముందు కొన్ని వారాలు క్వారంటైన్‌లో ఉండాలి. బట్టలుతికే గదిలో దానికోసం చిన్న తొట్టె ఒకటి ఉంది. ఇసుక లేదు, రాయి లేదు, దాక్కోవడానికి ఒక గొట్టం ముక్క. దాని వల వేరు, దాని మగ్గు వేరు. కొత్త చేప ఒంటిమీద కంటికి కనబడని పురుగు ఏదైనా ఉంటే ఆ చిన్న తొట్టెలోనే బయటపడుతుంది. అదే పెద్ద తొట్టెలోకి దిగిందా, ఇసుకలో చేరి వందల పిల్లలు పెట్టి ఊరంతా అంటిస్తుంది.

పసుపు చేప గొట్టంలో దూరి, తల మాత్రం బయటపెట్టి చూస్తోంది. భార్య గుమ్మంలో నిలబడి అంది. “అన్నయ్య అడిగితే ఏం చెప్తారు?”

“ఉన్నమాటే చెప్తాను.”

“చెప్పండి చూద్దాం. చొక్కా సంగతి మర్చిపోయారేమో!”

మర్చిపోలేదు. ఒకప్పుడు బావగారు పెట్టిన చొక్కా కొంచెం వదులైతే, ఈయన దర్జీకిచ్చి కుట్టు వేయించుకున్నాడు. “అంటే నా కంటికి కొలత తెలీదనేగా!” అని బావగారు ఆ వానాకాలమంతా ఈ గడప తొక్కలేదు.

భోజనాల వేళకు ఫోన్ మోగింది. కళ్లద్దాలాయన అప్పటికి పెద్ద తొట్టె ముందు సగం కలలో ఉన్నాడు. ఆ పసుపు చేప ఈ నీలంలోకి వచ్చిన రోజున ఎలా ఉంటుందా అని ఊహించుకుంటూ, ఊహలో దాన్ని అప్పుడే రెండు చుట్లు తిప్పాడు కూడా.

“ఎలా ఉంది బావగారూ మావాడు?”

“అబ్బ, ఏం చెప్పమంటారు! రాళ్ల చాటునుంచి దీపంలా వస్తోంది. పగడాల పైనుంచి వెళ్తుంటే కింద ఇసుకమీద పచ్చటి నీడ పాకుతోంది. మా రొయ్య మీసాలు దువ్వుకోవడం ఆపి మరీ చూస్తోంది.”

అవతల మంటల్లోకి దూకే మనిషి గొంతు గద్గదమైంది. “నా మాట దక్కించారు. సాయంత్రం వచ్చి కళ్లారా చూసుకుంటాను.”

ఫోన్ పెట్టేశాక కళ్లద్దాలాయన కలలోంచి దబ్బున నేలమీద పడ్డాడు. భార్య వంటగదిలోంచి అంతా వింది.

“ఉన్నమాట చెప్తానన్నారుగా?”

“ఊహలో ఉన్నమాట చెప్పాను. ఇప్పుడేం చెయ్యను?”

“ఆ చేపనే పెద్ద తొట్టెలో వెయ్యండి.”

“చస్తే వెయ్యను. మీ అన్నయ్య దాన్ని ఎక్కడ కొన్నాడో, ఎలాంటిదో!”

ఇంతలో ఆయనకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. నాలుగు వీధుల అవతల చేపల షాపులో ముందు అద్దంలో అచ్చం ఇలాంటి పసుపు చేపే ఉంది. దుకాణం మూసి ఇంటికి వచ్చేటప్పుడల్లా దాని ముందు నిలబడి మైమరచిపోవడం ఆయనకు అలవాటు. ఎన్నో నెలలుగా చూస్తున్న చేప, దానికి జబ్బేమిటి! ఎరిగిన చేప ఎరగని చేపకంటే నయం కదా. షాపాయన “కొన్నాళ్లు విడిగా ఉంచండి సార్” అని ఏదో అనబోతుంటే వినకుండా, “ఇది నాకు పాత స్నేహితుడయ్యా” అని ఒక్క పూటకు అరువడిగి, సంచీలో పట్టుకొచ్చి నేరుగా పెద్ద తొట్టెలో వదిలాడు.

ఆ సాయంత్రం మహా వైభవంగా గడిచింది. బావగారు టోపీ ఒళ్లో పెట్టుకుని, పసివాడిలా తొట్టెకు ముక్కు ఆనించి కూర్చున్నాడు. “నన్ను చూసి తోక ఊపింది, చూశారా? గుర్తుపట్టింది!” అన్నాడు. నీలం వెలుగు పడి ఆయన మీసం కూడా సముద్రపు మొక్కలా ఉంది. వెళ్తూ వెళ్తూ చెల్లెలితో, “మీ ఆయన్ని నేను ఇన్నాళ్లూ అపార్థం చేసుకున్నానే అమ్మాయ్. ఇకనించి వారం వారం వస్తా,” అన్నాడు. దాంతో అరువు చేపను తిరిగి ఇచ్చే దారి కూడా మూసుకుపోయింది.

కొద్దిరోజులకు ఆ అరువు చేప రాళ్లకేసి ఒళ్లు రుద్దుకోసాగింది. ప్రేమతో రుద్దుకుంటోందనుకున్నాడు కళ్లద్దాలాయన. మర్నాడు నారింజ జంట కూడా రుద్దుకుంది. అప్పుడు అనుమానం వచ్చి, దుకాణంలో అద్దాల గీతలు చూసే భూతద్దం తెచ్చి కంటికి పెట్టుకున్నాడు. పసుపు రెక్కమీద ఉప్పు చల్లినట్టు తెల్లటి చుక్కలు. నారింజ చారలమీదా అవే చుక్కలు.

పరుగున చేపల షాపుకు వెళ్లాడు. “నెలల తరబడి మీ దగ్గరున్న చేపకి తెల్లమచ్చల రోగం ఎలా వచ్చిందయ్యా?”

“నెలల తరబడి ఎక్కడుంది సార్? పాతది అమ్ముడుపోయింది. మీరు దాని ముందే నిలబడి ఉన్నారు, మీ ముక్కు కింద వల పెట్టి తీశాను. మీరు రెప్ప కూడా వెయ్యలేదు. మీరు పట్టుకెళ్లింది ఆ ముందురోజే వచ్చింది. చెప్పబోతే స్నేహితుడన్నారు.”

మందు ఉంది. రాగి మందు. కానీ ఆ మందు పెద్ద తొట్టెలో పోస్తే పురుగుతోపాటు రొయ్యా, పగడాలూ కూడా పోతాయి. కాబట్టి చేపలన్నిటినీ బయటికి తీసి, వేరే తొట్టెల్లో వైద్యం చెయ్యాలి. పెద్ద తొట్టెను చేపల్లేకుండా వారాల తరబడి వదిలేస్తే, కుట్టడానికి ఒళ్లు దొరక్క పురుగు తిండిలేక చస్తుంది. చెప్పుకోవడానికి తేలికే. రాళ్ల మధ్య తిరిగే చేపను వలతో పట్టడమంటే గాలిని గోనెసంచీలో కట్టడమే. మొగుడూ పెళ్లాలూ మోచేతులు దాటి భుజాల దాకా నీళ్లలో ముంచి రాయి తర్వాత రాయి బయటికి తీశారు. నారింజ ఆడచేప కళ్లద్దాలాయన బొటనవేలు కొరికింది. మధ్యాహ్నానికి ఇల్లు ఇల్లులా లేదు. స్నానాల తొట్టెలో నారింజ జంట, బట్టల టబ్బులో అరువు చేప, మిగిలినవి బకెట్లలో. ప్రతిదాంట్లోనూ గాలిబుడగలు గుసగుసలాడుతున్నాయి. కిటికీలోంచి పడ్డ ఎండ అన్ని నీళ్లమీదా తగిలి పైకప్పుమీద అలలై ఊగుతుంటే, తడిబట్టలతో నేలమీద కూలబడ్డ దంపతులు సముద్రం అడుగున కాపురం పెట్టినట్టు పైకి చూస్తూ ఉండిపోయారు.

“అందంగా ఉంది కదూ?” అన్నాడాయన.

“ముందు స్నానం ఎక్కడ చెయ్యాలో చెప్పండి,” అంది ఆవిడ.

సరిగ్గా అప్పుడే బావగారు వచ్చాడు. ఈసారి భార్యను కూడా తీసుకొచ్చాడు. ఆవిడ ఆసుపత్రిలో అంటురోగాల వార్డుకు హెడ్ నర్సు. నేలమీది నీళ్లు చూడగానే బావగారికి వృత్తిధర్మం పొంగి, “పైపు పగిలిందా? అందరూ క్షేమమేనా?” అని గదులన్నీ గాలించడం మొదలుపెట్టాడు. బట్టల టబ్బు దగ్గర ఆగాడు. “అయ్యో, మావాడికి మచ్చలొచ్చాయే!” అని గుండె పట్టుకున్నాడు. ఆ చేత్తోనే పక్కగది తలుపు తోశాడు. అక్కడ చిన్న తొట్టెలో, మచ్చలేని నిమ్మపండు రంగులో, గొట్టంలోంచి తల బయటపెట్టి ఇంకో పసుపు చేప.

“బావగారూ,” అన్నాడు, మొదటిసారి చిన్న గొంతుతో. “ఇద్దరిలో మావాడెవడు?”

ఇంక దాచడానికి ఏమీ మిగల్లేదు. కళ్లద్దాలాయన నీళ్లోడుతూ నిలబడి మొదటినుంచీ చెప్పాడు. ఫోన్లో చెప్పిన పచ్చటి నీడ దగ్గరికి వచ్చేసరికి ఆయన గొంతు పూర్తిగా మునిగిపోయింది.

బావగారి మొహం ఎర్రబడింది. “మేమిచ్చింది ఉతికే గదిలో, అంగట్లోది సింహాసనం మీదా! మా చేపకి రోగముందనేగా మీ అనుమానం?”

“ఉండండి,” అంది నర్సు. ఆవిడ అప్పటికే చిన్న తొట్టె ముందు మోకాళ్లమీద కూర్చుని ఉంది. “అన్నయ్యగారూ, దీనికి వల వేరేనా? మగ్గు వేరేనా?”

“వేరేనమ్మా. ఆ గదిది ఆ గదిలోనే.”

“మంచిపని చేశారు. మీరు తప్పేం చెయ్యలేదు. మేం కూడా అదే చేశాం.” ఆవిడ లేచింది. “మీ నియమం మాకు తెలీదా? తెచ్చిన రోజునించీ రెండు నెలలు మా ఇంట్లో విడిగా ఉంచి, మందులు పెట్టి, దీని ఒంటిమీద ఏమీ లేదని తేల్చుకున్నాకే ఇచ్చాం.”

కళ్లద్దాలాయన నోరు తెరుచుకుంది. “ఆ ముక్క ఆరోజే చెప్తే పోయేది కదా!”

బావగారు కప్పుకేసి చూశాడు. అక్కడ అలలు ఇంకా ఊగుతున్నాయి. “చెప్దామనే అనుకున్నా. చేపల సంగతి మీకు మేం చెప్పడమేంటి, మీరెక్కడ నొచ్చుకుంటారోనని మానేశా.”

టబ్బుల మధ్య నిలబడి చివరికి నర్సు తీర్పు చెప్పింది. ఇంటినిండా రోగులున్న చోట ఏ రోగమూ లేని దీన్ని ఉంచడం మంచిది కాదు, అందరికీ నయమయ్యేదాకా తమ దగ్గరే ఉంటుంది అంది. ఆ విధంగా ఆ ఇంట్లో ఆరోగ్యంగా ఉన్న ఒకే ఒక్క చేప, కాలు మోపని పెద్ద తొట్టెకేసి చూసుకుంటూ, సంచీలో పుట్టింటికి వెళ్లిపోయింది.

మందు పనిచేసింది. బకెట్లలో చుక్కలు ఒక్కొక్కటే మాయమయ్యాయి. పెద్ద తొట్టె మాత్రం గడువు తీరేదాకా చేపల్లేకుండానే ఉంది. బావగారు వారం వారం వస్తానన్న మాట తప్పలేదు. ఆదివారం పొద్దున ఇద్దరూ కాఫీ కప్పులు పట్టుకుని, ఏమీ ఈదని ఆ నీలం ముందు కూర్చునేవారు. పగడాలు విచ్చుకునేవి, ముడుచుకునేవి. వెలుతురు ఇసుకమీద అటూ ఇటూ నడిచేది. ఒకనాడు చాలాసేపు అలా చూసి చూసి, బావగారు సుఖంగా ఒళ్లు విరుచుకున్నాడు.

“ఇలాగే ఉంచెయ్యరాదా బావగారూ? ఎవరు ఎవరి తాలూకో అడగక్కర్లేదు.”