బరువైనది మునుగును

ఒక పెద్ద అడవిలో, ఏరు మలుపు తిరిగే చోట, పాలు మరవని పిల్లల కోసం ఒక బడి ఉండేది. ఆ బడికి గోడల్లేవు, పలకల్లేవు, బెత్తం అసలే లేదు. టీచరు పేరు మంగతాయి. ఆవిడ నీటికుక్క. రోజంతా ఏట్లో ఈదుతూ చేపలు పట్టుకుని హాయిగా బతకాల్సిన మనిషి, పిల్లల మీద మమకారంతో బడి పెట్టుకుంది. కొన్నాళ్ళకి అడవి సభ వారు ఆ బడికి ఒక నంబరు ఇచ్చి, ఆవిడని తమ ఉద్యోగిని చేసుకున్నారు. కష్టాలన్నీ అక్కణ్ణుంచే మొదలయ్యాయి.

మంగతాయి బడిలో పాఠం అంటే పిల్లలు దొరికినదల్లా తెచ్చి ఏట్లో వెయ్యడమే. గులకరాయి వేస్తే బుడుంగుమంది. ఏనుగు గున్న బొద్దు ఒక ఎండు దుంగని తొండంతో దొర్లించుకొచ్చి తోస్తే, అది దర్జాగా తేలింది.

"టీచరమ్మా, రాయి ఇంతే ఉంది, మునిగిపోయింది. దుంగ అంతుంది, మునగలేదు. ఎందుకని?" అని అడిగాడు బొద్దు.

"నీకేమనిపిస్తోంది?" అంది మంగతాయి.

"దుంగకి ఈత వచ్చేమో."

మిగిలిన పిల్లలంతా దుంగ మీద పడి, దానికి ఈత వచ్చో రాదో తేల్చుకోవడానికి ఓ పూటంతా తన్నుకున్నారు.

సూది అని ముళ్ళపంది పిల్ల ఉండేది. మహా పట్టుదల మనిషి. ఒకనాడు బంకమట్టి ముద్ద చేసి నీళ్ళలో వేసింది. మునిగింది. దాన్నే పైకి తీసి, పలచగా నొక్కి, దొప్పలా చేసి వదిలింది. తేలింది. "అదే మట్టి! అదే మట్టి!" అని కేకలు పెడుతూ గట్టంతా పరుగెత్తింది. మంగతాయికి ఆ రోజు చేప కూడా సయించలేదు, అంత సంతోషం.

పిల్లల తల్లులకి మాత్రం అంత సంతోషం లేదు.

"మా వాడికి అ ఆలు రాలేదు గానీ ఒంటినిండా బురద వచ్చింది వదినా" అని జింక సుభద్ర కుందేలుతో వాపోయింది. "తోడేలు గారి బళ్ళో పిల్లలు కళ్ళు మూసుకుని నూరు గ్రహాల పేర్లు చెబుతున్నారట."

"నూరు ఉన్నాయా?" అంది కుందేలు.

"ఏమో మరి, చెబుతున్నారు కదా!"

ఇలా ఉండగా ఒక కాకి పొరుగడవి నుంచి కబురు మోసుకొచ్చింది. అక్కడ పసిపిల్లలకి చేతులతో చేయించి సైన్సు నేర్పుతున్నారట. చూసిపోవడానికి ఎక్కడెక్కడి జంతువులో వస్తున్నాయట.

సింహం రాజుగారికి నిద్ర చెడింది. వెంటనే సభ పిలిచాడు. "మన అడవిలో ఇది ఎందుకు లేదు?" అని గర్జించాడు.

ఏటి మలుపులో ఏళ్ళ తరబడి జరుగుతున్నది అదేనని సభలో సగం మందికి తెలుసు. కానీ ఉన్నదాన్ని ఉందని చెబితే కొత్తగా పెట్టడానికి ఏం మిగులుతుంది? అందుకని అందరూ తలలు వంచుకున్నారు.

శిశువిద్యాధికారి కలాపరావు ముందుకొచ్చాడు. ఆయన నెమలి. పింఛం విప్పి, "ప్రభూ, పథకం సిద్ధం. పేరు హస్తవిజ్ఞానం" అన్నాడు.

"మన పిల్లల్లో చాలామందికి చేతులు లేవు కదండీ" అని ముసలి దున్న సందేహం వెలిబుచ్చింది.

"ముందరి కాళ్ళను చేతులుగా పరిగణించవలెనని ఉత్తర్వు ఇస్తాం."

"చిత్తం, పరిగణించవలెను" అని ఆయన గుమస్తా గోరింక రాసుకుంది.

మొదట టీచర్లకి మూడు రోజుల శిక్షణ జరిగింది. పిల్లల చేత స్వయంగా చేయించడం గురించి కలాపరావు మూడు రోజులూ తానే మాట్లాడాడు. వచ్చినవాళ్ళని చప్పట్లకు తప్ప చేతులు కదపనివ్వలేదు.

తర్వాత బడికో విజ్ఞాన పేటిక వచ్చింది. లోపల ఒక రాయి, ఒక ఆకు, ఒక పింఛం ఉన్నాయని పైన రాసి ఉంది. పేటికకి తాళం. తాళంచెవి కలాపరావు ఆఫీసులో. పిల్లలు రోజూ వరసలో వచ్చి పేటికని ఒక్కసారి ముట్టుకోవాలి. ముట్టుకున్నట్టు రిజిస్టరులో కాలిముద్ర వెయ్యాలి. మూత మీద రూలు చెక్కించారు: 'బరువైనది మునుగును. తేలికైనది తేలును.'

మంగతాయి పేటికని చెట్టుకింద పెట్టి, పొద్దున్నే కాలిముద్రలు వేయించేసి, పిల్లల్ని ఎప్పటిలాగే ఏటికి తీసుకుపోయేది.

ఓ మధ్యాహ్నం కలాపరావు గోరింకని వెంటబెట్టుకుని తనిఖీకి దిగాడు. పిల్లలంతా మోకాళ్ళ లోతు నీళ్ళలో ఉన్నారు.

"ఏమమ్మా, ఇదేమిటి? పిల్లలు తడిసిపోయారు!"

"మునగడం తేలడం పాఠమండీ. నీళ్ళలో అయితే బాగా తెలుస్తుందని..."

"రూలు చెప్పించండి చూద్దాం. ఏయ్ గున్నా, ఏది మునుగును?"

బొద్దు ఆలోచించాడు. "కొన్ని మునుగుతాయండి. కొన్ని మునగవండి. దుంగ చాలా బరువండి, అయినా మునగదండి. మా అమ్మ ఇంకా బరువండి. మొన్న వరదలో ఏరంతా ఈదిందండి."

"మీ అమ్మ మినహాయింపు" అన్నాడు కలాపరావు.

"చిత్తం, ఏనుగు మినహాయింపు" అని రాసుకుంది గోరింక.

సూది తన మట్టి దొప్ప పట్టుకొచ్చింది. "ఇది ముద్దగా ఉంటే మునుగుతుందండీ, దొప్పగా ఉంటే తేలుతుందండీ. చూస్తారా?"

కలాపరావు ముఖం ముడుచుకున్నాడు. "ఒకే మట్టి ఒకసారి మునగడం, ఒకసారి తేలడం! ఇది క్రమశిక్షణ లేకపోవడం. మట్టికే లేకపోతే పిల్లలకెక్కణ్ణుంచి వస్తుంది?"

తర్వాత మంగతాయిని పక్కకి పిలిచాడు. గొంతు తగ్గించాడు.

"వచ్చే ఆదివారం రాజుగారు మీ బడికి వస్తున్నారు. ఏరుంది, చల్లగా ఉంటుందని వారే ఎంచుకున్నారు. పిల్లలు రూలు ఒక్క గొంతుతో చెప్పాలి. దుంగ, దొప్ప అని ఒక్క మాట వినపడిందో, మిమ్మల్ని మోడుగుట్టకి బదిలీ చేస్తాను."

మోడుగుట్ట అడవికి ఆ చివర. అక్కడ నీటిచుక్క లేదు. నీటికుక్కని మోడుగుట్టకి పంపడమంటే చేపని చెట్టెక్కించడమే. అది ఇద్దరికీ తెలుసు.

మంగతాయి ఏం చేసిందంటారా? లొంగిపోయింది. మర్నాడు పిల్లల్ని ఒడ్డున కూర్చోబెట్టి, ఏటికి వీపు పెట్టించి, రూలు వల్లె వేయించింది.

"బరువైనది మునుగును!"

"మరి దుంగ, టీచరమ్మా?" అన్నాడు బొద్దు.

"దుంగ సంగతి ఎత్తకు నాన్నా."

"ఎత్తను. కానీ తేలుతుంది కదా?"

"తేలుతుంది."

"మరి మునుగును అని ఎందుకంటున్నాం?"

మంగతాయి చప్పట్లు చరిచింది. మళ్ళీ మొదట్నుంచి అనండర్రా అంది. నాలుగు రోజులకి పిల్లలు చక్కగా వల్లిస్తున్నారు. జింక సుభద్ర పొదచాటు నుంచి విని, "ఇన్నాళ్ళకి చదువు మొదలైంది" అని పొంగిపోయింది. సూది మట్టి ముట్టుకోవడం మానేసింది. అది చూసిన రోజున మంగతాయికి తన మొహం తానే నీళ్ళలో చూసుకోవాలనిపించలేదు.

ఆదివారం వచ్చింది. రాజుగారు వచ్చారు. తోరణాలు, డప్పులు, స్వాగతగీతం, నలుగురి ఉపన్యాసాలు. ఎండ నడినెత్తికెక్కింది. చివరికి పిల్లలు నిలబడి ఒక్క గొంతుతో అరిచారు.

"బరువైనది మునుగును! తేలికైనది తేలును!"

"భేష్" అని రాజుగారు ఆవలించాడు. కలాపరావు పింఛం విప్పి ఓ చుట్టు తిరిగాడు. "ప్రభూ, పిల్లల్ని ఏ ప్రశ్నయినా అడగవచ్చు."

రాజుగారికి ప్రశ్నలు తోచలేదు. "మీరే అడగండర్రా ఏదైనా" అన్నాడు.

ఇది కార్యక్రమంలో లేదు. అయినా సూది ముందుకొచ్చింది. దాని కళ్ళలో వెటకారం లేదు. నిజంగానే తెలుసుకోవాలని ఉంది.

"నెమలి సారు తేలికేనా అండీ?"

"ఏనుగుతో పోలిస్తే తేలికే" అన్నాడు రాజుగారు.

"అయితే సారు తేలతారా అండీ?"

రాజుగారు లేచి కూర్చున్నాడు. పొద్దుటి నుంచి ఆయన విన్నవాటిలో వినదగ్గ మాట ఇదొక్కటే. "అవును కదా! ఏదీ కలాపరావ్, చూపించు."

"ప్రభూ, అది పాఠ్యప్రణాళికలో..."

"హస్తవిజ్ఞానం అన్నావుగా! కానీ."

"చిత్తం, కానీ" అంది గోరింక.

కలాపరావు ఏటి అంచుకి నడిచాడు. భయం వేసింది. కానీ ఆ రూలు కింద ఆయన ఎన్ని వందలసార్లు సంతకం పెట్టాడంటే, అది నిజమేనని ఆయనకే ఒక నమ్మకం కుదిరింది. మెడ నిటారుగా పెట్టి, మలుపు దగ్గర లోతు నీళ్ళలోకి దూకాడు.

రెండు క్షణాలు తేలాడు. గోరింక 'ప్రయోగం విజయవంతం' అని రాసేసింది. మూడో క్షణంలో పింఛం నీళ్ళు తాగింది. తడిసిన దుప్పటిలా అది కిందకి లాగుతుంటే, ఆయన తల ఒకసారి కనపడి, ఒకసారి కనపడక, ప్రవాహానికి కొట్టుకుపోసాగింది.

సభికులంతా లేచి నిలబడ్డారు. ఎవరూ కదల్లేదు. రాజుగారి ఆజ్ఞ లేకుండా అధికారిని కాపాడవచ్చునో లేదో ఎవరికీ తెలియదు.

మంగతాయి అప్పటికే నీళ్ళలో ఉంది. మోడుగుట్టా గుర్తు రాలేదు, పేటికా గుర్తు రాలేదు. రెండు బారల్లో చేరి ఆయన మెడ పట్టుకుంది. కానీ ఆ పింఛంతో సహా లాగడం ఆవిడ వల్ల కాలేదు. "దుంగ!" అని అరిచింది. "బొద్దూ, దుంగ తొయ్యి!"

పిల్లలందరూ కలిసి దుంగని నీళ్ళలోకి తోశారు. అది తేలుతూ వెళ్ళింది. కలాపరావు దాన్ని రెండు రెక్కలతో వాటేసుకున్నాడు. మంగతాయి దుంగని ఒడ్డుకి నెట్టుకొచ్చింది.

రాజుగారు దుంగనీ, నెమలినీ మార్చి మార్చి చూశాడు.

"ఇంత బరువు దుంగ తేలింది. అంత తేలికవాడివి నువ్వు మునిగావు. ఏమిటిది?"

కలాపరావు వణుకుతూ, నీళ్ళు కక్కుతూ, అంతలోనే సర్దుకున్నాడు. "ప్రభూ, తమరు దయచేసిన హోదా! దాని బరువు లెక్కలోకి తీసుకోలేదు. హోదాతో కలిపితే నేను చాలా బరువు. కనుక మునిగాను. రూలు రుజువైంది."

"అదీ నిజమే" అని రాజుగారు తల పంకించాడు.

మర్నాడు విచారణ సంఘం కూర్చుంది. మూడు వారాల తర్వాత నివేదిక వచ్చింది. ప్రమాదానికి కారణం నీళ్ళు అని తేలింది. ఇకమీదట మునగడం, తేలడం ప్రయోగాలు పొడినేల మీదనే జరపవలెనని ఉత్తర్వు వెలువడింది. విజ్ఞానం కోసం ప్రాణాలకు తెగించినందుకు కలాపరావుకి పతకమూ, పదోన్నతీ వచ్చాయి. బడిని ఏటి పక్కన పెట్టినందుకు మంగతాయికి మోడుగుట్ట వచ్చింది.

ఉత్తర్వు తెచ్చిన గోరింక చేతిలోనే ఆవిడ ఉద్యోగానికి రాజీనామా పెట్టింది. "ఏట్లో ఉండడానికి నాకు ఉత్తర్వు అక్కర్లేదమ్మా" అని నీళ్ళలోకి జారిపోయింది.

బడిని దగ్గర్లోని ఓ మిట్ట మీదకి మార్చారు. పిల్లలు పొద్దున్నే పేటికని ముట్టుకుని, కాలిముద్ర వేసి, రూలు అరుస్తారు. బడి వదలగానే ఎవరూ చెప్పకుండానే ఏటికి పరుగెడతారు. ఓ సాయంత్రం కొడుకుని వెతుక్కుంటూ వచ్చిన జింక సుభద్ర, తిట్టడానికి నోరు తెరిచి, తెరిచినట్టే ఉండిపోయింది. సూది చేసిన దొప్పలో ఆవిడ కొడుకు గులకరాళ్ళు ఒక్కొక్కటే పేరుస్తున్నాడు. ఎన్నో రాయికి మునుగుతుందో అని అందరూ ఊపిరి బిగబట్టి చూస్తున్నారు.

"ఇంకొకటి పడుతుందిరా" అంది సుభద్ర, తనకి తెలియకుండానే బురదలోకి దిగి.

కథకి నీతి ఉండాల్సిందే అనేవారికి ఇదిగో: అనుభవంతో నేర్చుకునేవాడు పసివాడు; అనుభవమైనా నేర్చుకోనివాడు పై అధికారి.