గూడెం మందు

ఆ రోజు పొద్దున గంగాధరరావు వేసుకున్న పథకం చిన్నదే. తాడేపల్లిగూడెంలో పాసింజరు ఎక్కి ఏలూరులో దిగాలి, చేతిలో ఉన్న జాడీ డాక్టరుగారికి అప్పగించాలి, భోజనం వేళకి ఇంట్లో ఉండాలి. మిల్లుకి కొత్త బెల్టు కొనడానికి వెళ్తున్నానని భార్య సువర్ణకు చెప్పాడు. జాడీలో ఏముందని అడిగితే నెయ్యి అని చెబుదామనుకున్నాడు. ఆవిడ అడిగింది, ఆయన చెప్పాడు. ఆ నెయ్యి ఎవరికని కూడా అడుగుతుందని మాత్రం ముందుగా ఆలోచించుకోలేదు. "ఉన్నార్లే, ఏలూరులో" అని గొణిగి గుమ్మం దిగేశాడు.

జాడీలో ఉన్నది నెయ్యి కాదు. నిన్న పొద్దుటి నుంచి ఈ పొద్దుటి వరకు ఆయన పోసిన ఒంటేలు, చుక్క నేలపాలు కాకుండా పట్టినది.

ఇంత అవస్థకూ కారణం ఆయనకు కోపం రాకపోవడం. గంగాధరరావు రైసుమిల్లు మేనేజరు. ఆయన కేక వేస్తే ఇంజను చప్పుడును దాటుకుని కళ్ళం చివర ధాన్యం ఎగదోస్తున్న కూలీల దాకా వెళ్ళేది. ఆ కేక మీదే మిల్లు నడుస్తోందని యజమాని కూడా ఒప్పుకునేవాడు. అలాంటి మనిషికి ఆ యేడు, అంటే పంతొమ్మిది వందల ముప్పై ఎనిమిదిలో, కోపం ఎటు పోయిందో తెలియకుండా పోయింది. ఒకనాడు బండివాడు బియ్యం బస్తాలను బండితో సహా కాలవలో పడేశాడు. గంగాధరరావు పంచె ఎగ్గట్టి పరుగున వెళ్ళాడు. తీరా వెళ్ళి, ఎడ్లకు జలుబు చెయ్యదు కదా అని అడిగి వచ్చేశాడు. కూలీలు ఆయన భుజం మీద చెయ్యివేసి మాట్లాడటం మొదలుపెట్టారు. మీసం పలచబడింది. గడ్డం గీయడానికి వచ్చిన మంగలి, ఇంకో వారం ఆగవచ్చునండి అని కత్తి మడిచేసేవాడు. అన్నం తింటే నిద్ర, కూర్చుంటే నిద్ర, బండెక్కితే నిద్ర. పడకటింటి సంగతి ఇక్కడ చెప్పదగ్గది కాదు గాని, అక్కడా నిద్రే.

ఏలూరులో డాక్టరు ప్రసాదరావు అని ఒకాయన వియన్నాలో చదువుకుని వచ్చి కొత్తగా ఆసుపత్రి పెట్టాడు. గంగాధరరావు ఎవరికీ చెప్పకుండా వెళ్ళి ఆయనతో తన బాధంతా వెళ్ళబోసుకున్నాడు. మగవాడి ఒంట్లో ఊరే పదార్థం ఒకటి ఉందనీ, గడ్డం మొలిపించేదీ గొంతు బొంగురు చేసేదీ మనిషిని చురుగ్గా ఉంచేదీ అదేననీ, అది తగ్గితే ఇలాగే ఉంటుందనీ డాక్టరు చెప్పాడు. తగ్గినట్టు తేలితే సూదిమందు తెప్పించవచ్చు, జర్మనీ వాళ్ళు ఈమధ్యే అమ్ముతున్నారట.

"తగ్గిందని ఎలా తెలుస్తుందండి?" అని అడిగాడు గంగాధరరావు.

"కోడి చెబుతుందండి" అన్నాడు డాక్టరు.

పరాచికం కాదు. బీజాలు తీసేసిన పుంజుకు నెత్తిన ఎర్రటి తురాయి వాడిపోతుంది. మనిషి ఒక రోజంతా పోసిన మూత్రం మరగబెట్టి, సారం తీసి, ఆ తురాయికి రోజూ పూస్తారు. మనిషిలో సత్తువ ఉంటే తురాయి ఎర్రబడి పెరుగుతుంది, లేకపోతే లేదు. ఐరోపాలో పెద్దపెద్ద డాక్టర్లందరూ కోళ్ళనే నమ్ముకున్నారట. పందెం కోళ్ళను కన్నబిడ్డల్లా పెంచే ఈ చుట్టుపక్కల బీజాలు తీయించడానికి ఒక పుంజును సంపాదించేసరికి ప్రసాదరావుకు తల ప్రాణం తోకకు వచ్చింది. అది ఎందుకని చెబితే ఎవరూ అమ్మరు మరి.

ఇదీ జాడీ కథ.

రైలు భీమడోలులో ఆగినప్పుడు ఒకాయన ఎక్కి గంగాధరరావుకు ఎదురుగా కూర్చున్నాడు. చంకలో నిగనిగలాడే డేగ జాతి పందెం పుంజు. పేరు బుల్లిరాజు, ఊరు ఆకివీడు. గుండుగొలనులో చుట్టాలను చూసుకుని, ఏలూరులో దిగి, కొల్లేటి మీదుగా పడవలో ఊరు చేరతానన్నాడు. తన గురించి అంతా చెప్పాక ఇక ఎదుటి మనిషి గురించి అడగడం మర్యాద కనుక ఊరూ పేరూ ఉద్యోగమూ అడిగాడు, చివరికి జాడీ మీద చూపు ఆనించాడు.

"అందులో ఏంటండి?"

నెయ్యి అనడానికి గంగాధరరావు నోరు తెరిచాడు. కానీ ఎండ ఎక్కేకొద్దీ జాడీ నుంచి వస్తున్న వాసనకు నెయ్యి అంటే పసిపిల్లవాడు కూడా నమ్మడు. "కోడికి మందండి" అన్నాడు తడబడి. అబద్ధం కాదు, అదే వచ్చిన చిక్కు.

బుల్లిరాజు ముందుకు జరిగాడు. ఎవరి కోడికని అడిగాడు. ఏలూరు డాక్టరుగారి కోడికన్నాడు ఈయన. ఏం చేస్తుందండి అని అడిగాడు. తురాయి ఎర్రబడుతుంది, పౌరుషం వస్తుందిట అన్నాడు ఈయన. ఆపైన ఏమన్నాడో ఆయనకే గుర్తు లేదు, ఎందుకంటే కునుకు పట్టేసింది.

ఆ కునుకులో జరిగింది ఆయనకు చాలా రోజులకు గాని తెలియలేదు. మనం ఇప్పుడే చెప్పుకుందాం. బుల్లిరాజు జాడీ మూత విప్పి సగం తన కూజాలోకి ఒంపుకున్నాడు. అతను దొంగ కాడు. ఒకరి సొత్తు సగం ఖాళీ చేసి వదిలేయడం ధర్మం కాదనిపించి, దెందులూరులో బండి ఆగగానే దిగి, జాడీని మంచినీళ్ళతో మెడ దాకా నింపి తెచ్చి, మళ్ళీ మూత కట్టి ఉన్నచోటనే పెట్టాడు. ఏలూరు రాగానే గంగాధరరావును మెల్లిగా తట్టి లేపి, సామాను జాగ్రత్తండి అని చెప్పి మరీ దిగాడు.

పక్షం గడిచాక ఫలితం కనుక్కోవడానికి గంగాధరరావు మళ్ళీ ఏలూరు వెళ్ళాడు. డాక్టరు ఆయనను పెరట్లోకి తీసుకెళ్ళి కోడిని చూపించాడు. తురాయి ఎండిన మిరపకాయలా వేలాడుతోంది. కోడి గంగాధరరావును చూసి పక్కకు తిరిగింది.

"మీలో బొత్తిగా లేదండి" అన్నాడు డాక్టరు. ఆయన గొంతులో విచారం కన్నా ఆనందమే ఎక్కువగా వినిపించింది. "ఇంతగా లేకపోవడం నేను చదివిన పుస్తకాల్లో ఎక్కడా లేదండి. మద్రాసులో మా ప్రొఫెసరుగారికి మిమ్మల్ని చూపించాలి."

సూదిమందు బొంబాయి నుంచి రాగానే తానే గూడెం వచ్చి మొదలుపెడతానన్నాడు. వెళ్ళేటప్పుడు స్టేషనుకు నడిచి వెళ్ళిన మనిషి, వచ్చేటప్పుడు జట్కా ఎక్కి, దిగడానికి జట్కావాడి చెయ్యి పట్టుకున్నాడు. తనలో బొత్తిగా లేదన్న ఆ ఒక్క మాటే అంత పని చేసింది.

ఇంట్లో సువర్ణ చూస్తూనే ఉంది. బెల్టు రాలేదు. జాడీ కూడా తిరిగి రాలేదు. ఆయన ముఖం వాడిపోయి వచ్చింది. ఆవిడ మంచినీళ్ళిచ్చి, దూరంగా నిలబడి అడిగింది.

"ఆవిడకి ఒంట్లో బాగోలేదాండి?"

"ఎవరికి?"

ఆవిడ లోపలికి వెళ్ళి, నేతి గిన్నె తీసి అలమరలో పెట్టి తాళం వేసుకుంది. ఎందుకో ఆయనకు అర్థం కాలేదు. అడిగే ఓపికా లేదు.

ఇక ఆకివీడులో జరిగింది వేరు. బుల్లిరాజు ఆ మందును డేగకు పూశాడు, కొంచెం తవుడులో కలిపి తినిపించాడు. డేగ వరసగా ఎదుటి కోళ్ళన్నిటినీ పడగొట్టింది. ఒక కోడి అయితే దగ్గరికి రాగానే వాసనకు తల తిప్పుకుని బరి దాటి పారిపోయింది. అది మందు మహిమేనన్నారు జనం. కొల్లేటి గట్టు పొడుగునా దానికి గూడెం మందు అని పేరు పడిపోయింది. పట్టుకున్నది కాస్తా అయిపోయాక బుల్లిరాజు ఒక అరటి గెల, బతికున్న కొరమీనులు రెండు పట్టుకుని రైసుమిల్లు అడ్రసు వెతుక్కుంటూ వచ్చాడు. అతను ఒక్కడూ రాలేదు. వెనకే ఇంకో పదిమంది, పది పుంజులు.

గంగాధరరావు మిల్లు పక్కనే ఉన్న తన ఇంటి వాకిట్లోకి వచ్చేసరికి అరుగు స్తంభాలన్నిటికీ కోళ్ళు కట్టేసి ఉన్నాయి. మందు లేదు, వెళ్ళండి అని ఒక కేక వేద్దామని గుండె నిండా ఊపిరి పీల్చుకున్నాడు. నోట్లోంచి వచ్చింది మాత్రం, "ఎండలో వచ్చారు, మజ్జిగ తీసుకుంటారా" అని. వాళ్ళు తీసుకున్నారు. ఆ మర్యాదతో మందు ఉన్నట్టే లెక్క అని వాళ్ళకు రూఢి అయింది. మర్నాటికి కైకలూరు నుంచి కూడా వచ్చారు. మిల్లు కూలీలు పని ఆపి కోళ్ళ జాతుల మీద వాదించుకున్నారు. ఇంజను ఆగిపోయింది. ఎందుకు ఆగిందని అడగడానికి కాదు యజమాని వచ్చింది. ఆయన వెనక గుమ్మం వైపు నుంచి వెండి చెంబు పట్టుకుని వచ్చి, "మనవాళ్ళకి ముందు పొయ్యాలి కదయ్యా" అన్నాడు.

మూడోనాడు ప్రసాదరావు సూదిమందు పెట్టెతో జట్కా దిగాడు. ఇంటి ముందు అన్ని కోళ్ళను చూసి, ఇక్కడ ఇంకెవరో వైద్యుడు తనకంటే పెద్ద ఎత్తున పరీక్షలు చేస్తున్నాడేమోనని కాసేపు చిన్నబోయాడు. జనం ఆయన చేతిలో పెట్టె చూసి అదే అసలు సరుకనుకుని చుట్టుముట్టారు. పెట్టె ఒకవైపు డాక్టరు, ఇంకోవైపు యజమాని పట్టుకుని లాగుతున్నారు.

గంగాధరరావుకు ఇక తట్టుకునే ఓపిక లేకపోయింది. కోపం వస్తే బాగుండేది, ఏడుపొచ్చింది. అరుగు మీద నిలబడి కళ్ళు ఒత్తుకుంటూ అన్నాడు.

"బాబూ, అది మందు కాదండి. నా ఒంటేలు. నాకు జబ్బు చేసింది, పరీక్షకని పట్టుకెళ్ళాను. ఇంక వెళ్ళిపొండి."

అందరూ గుడ్లప్పగించి చూశారు. వెండి చెంబు పట్టుకున్న యజమాని చెయ్యి కాస్త కిందికి దిగింది. బుల్లిరాజు మాత్రం తలపాగా సర్దుకుని మెత్తగా చెప్పాడు.

"అది నాకు రైల్లోనే తెలిసిందండి. వాసన తెలీదాండి? కానీ కోడి గెలిచింది కదండీ." అని కూజా ముందుకు చాపాడు. "తాజాది దొరికితే ఇంకా మంచిదేనండి."

ఆపైన, దాపరికం దేనికని, దెందులూరు నీళ్ళ సంగతి కూడా అతనే చెప్పేశాడు. డాక్టరు పెట్టె వదిలేసి నుదురు పట్టుకున్నాడు. సగం నీళ్ళు కలిసిన దాన్ని మరగబెట్టి తాను మద్రాసుకు ఉత్తరం రాసేశాడు మరి. పరీక్ష మళ్ళీ చెయ్యవలసిందే, ఈసారి పట్టినది తన చేతికే రావాలి అన్నాడు. అది తమ చేతికే రావాలని వచ్చినవాళ్ళూ అన్నారు.

అప్పుడు సువర్ణ తలుపు చాటు నుంచి బయటికి వచ్చింది. ఇవాళ్టిది డాక్టరుగారికి, రేపటిది కోళ్ళకి, ఆ తర్వాత ఎవరిళ్ళకు వాళ్ళు, అని తేల్చి చెప్పింది. ఆవిడ గొంతు విని కూలీలు కూడా ఇంజను దగ్గరికి వెళ్ళిపోయారు.

అందరూ సర్దుకున్నాక ఆవిడ ఆయన పక్కన కూర్చుంది.

"ఏలూరులో ఎవరినో పెట్టుకున్నారనుకున్నానండి" అంది.

"నేనా?" అన్నాడు గంగాధరరావు. ఆ అనుమానం ఆయనకు ఎంతో గౌరవంగా తోచింది. డాక్టరుగారి కోడి కన్నా భార్యకే తన మీద నమ్మకం ఎక్కువన్నమాట. తర్వాత ఉన్నదంతా చెప్పాడు. తాను ఎందుకూ పనికిరాని వాణ్ణయిపోయానేమోనని భయం వేసిందనీ, ఆవిడకు తెలిస్తే చులకనవుతానని దాచాననీ చెప్పాడు. ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుంది. అది నవ్వో ఏడుపో ఆయనకు తెలియలేదు.

"వైద్యం చేయించుకోండి. వద్దనను. కానీ నేను తిన్నానో లేదో మీరు అడుగుతున్నది ఈమధ్యేనండి. అది పోకుండా చూసుకోమని ఆ డాక్టరుగారికి చెప్పండి."

డాక్టరుకు ఆవిడే చెప్పింది. మనిషికి కోపం ఎంత రావాలో కొలిచి ఇచ్చే విద్య ఇంకా ఎవరూ కనిపెట్టలేదమ్మా అన్నాడాయన, కొంచెం సిగ్గుపడి.

రెండో పరీక్షలో తురాయి కాస్త ఎర్రబడింది. ఉంది గాని తక్కువ అని తేలింది. ప్రొఫెసరుకు చూపించేంత వింత కాకుండా పోయినందుకు డాక్టరు నొచ్చుకుంటూనే సూదులు మొదలుపెట్టాడు. నూనెలాంటి మందు, పొడిచిన వైపు ఒక పూట కూర్చోవడానికి ఉండేది కాదు. అయినా గంగాధరరావు ఒక్క సూదీ మానలేదు. కొన్నాళ్ళకు మధ్యాహ్నం నిద్ర తగ్గింది. మంగలి మళ్ళీ కత్తి నూరుకుని రావడం మొదలుపెట్టాడు. కూలీలు భుజం మీద చెయ్యి తీశారు. కోపం మాత్రం రాలేదు. అదొక్కటే ఎక్కడో దారిలో ఆగిపోయినట్టుంది.

కోళ్ళకని ఒక్క రోజే అనుకున్నారు గాని బుల్లిరాజును ఆపడం ఎవరి తరమూ కాలేదు. సూదులు సాగినన్నాళ్ళూ అతను నెలకొకసారి కొరమీనులతో వచ్చి కూజా నింపుకుని వెళ్ళేవాడు. ఒక రోజు చేపలు లేకుండా వచ్చాడు. చంకలో డేగకు ఒక రెక్క కట్టు కట్టి ఉంది. వరసగా ఓడిపోతోందని చెప్పాడు. గంగాధరరావు అయ్యో అన్నాడు.

"ఏమనుకోకండి గంగాధరరావుగారండి" అన్నాడు బుల్లిరాజు. "ఆ సూదులు మొదలెట్టిన కాణ్ణించి మీ సరుకు పోయిందండి. పూర్వంది కాదండి ఇది. అందులో మగతనం లేదండి. ఆ డాక్టరుగారి దగ్గరికి వెళ్ళడం మానెయ్యండి."

గంగాధరరావు చెవులు ముందుగా ఎర్రబడ్డాయి. తర్వాత మెడ. తర్వాత ఆయన లేచి నిలబడి ఒక కేక వేశాడు. అది ఇంజను చప్పుడు దాటుకుని కళ్ళం చివర దాకా వెళ్ళింది. కూలీలు గోనెలు వదిలేసి నిటారుగా నిలబడ్డారు. డేగ చంకలోంచి దూకి, విరిగిన రెక్కతోనే గోడెక్కింది. బుల్లిరాజు కూజా అక్కడే వదిలేసి స్టేషను వైపు పరుగెత్తాడు.

సువర్ణ వంటింటి గుమ్మంలో నిలబడి ఆ కేక చివరి దాకా విని, ఇకమీదట సగం మోతాదు చాలునని ఏలూరుకు కబురు పంపించింది.