అటకెక్కిన నౌన్లు

వీధంతా బొంగరం అని పిలిచే టైలరుకి కూర్చున్నచోట కుదురుండదు. ఆ ఆదివారమైతే మరీను. సాయంత్రం సెలూన్లో క్యారమ్స్ ఫైనల్. పోయినసారి తనను ఓడించిన ఎలక్ట్రీషియన్‌తోనే ఆట. ఆ ఓటమి ఏడాదిగా ఆయనకి నిద్రపట్టనివ్వడం లేదు. ఇంట్లో చూస్తే, నర్సుగా చేసే భార్య అటక సర్దమని పొద్దుట్నుంచీ చెవిలో పోరుతోంది.

కూతురు చిట్టికి రేపు ఇంగ్లీషు పరీక్ష, నౌన్లు రావట, పిల్ల చదువు కంటే అటక ఎక్కువా అని మొహం గంభీరంగా పెట్టి అడిగాడు. ఆవిడ ఎదురు మాట్లాడకుండా ఒప్పేసుకుంది. అప్పుడే ఆయనకి అనుమానం రావాల్సింది.

నౌన్ అంటే పేరు, అందులో ఐదు రకాలు అన్నంతవరకూ బండి సాఫీగానే నడిచింది. చిట్టి గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, "కళ్లతో చూస్తేగానీ నాకు బుర్రకెక్కదు నాన్నా," అంది.

మంచం, కుర్చీ చూపించి కామన్ నౌన్లు అన్నాడు. మెటీరియల్ నౌన్‌కి ఇత్తడి కావాలి. ఇత్తడి బిందేమో అటక మీదుంది. గోడ గడియారం వంక చూస్తూ నిచ్చెన వేశాడు. బిందె దిగాలంటే ముందున్న పెట్టెలు దిగాలి. కలెక్టివ్ నౌన్‌కి తాళాలగుత్తి ఆ పెట్టెల వెనకాల. ప్రాపర్ నౌన్‌కి తాతగారి పేరు చెక్కిన ట్రంకుపెట్టె ఇంకా వెనకాల. నడుం పట్టేసింది, ముక్కునిండా దుమ్ము. చిట్టి మాత్రం ఏ రకానికి ఆ రకం కుప్పలు పెట్టిస్తూనే ఉంది.

ఆఖరి చాప కూడా దిగాక భార్య గుమ్మంలోకొచ్చి బోసిపోయిన అటకని తృప్తిగా చూసుకుంది.

"ఇక తుడిచి, పనికొచ్చేవి పైకెక్కించండి. అంతే."

"పాఠం పూర్తికాలేదే. ఆబ్‌స్ట్రాక్ట్ నౌన్ మిగిలింది. సెలూన్ దాకా నడుస్తూ చెప్పేస్తాను."

"అక్కర్లేదు నాన్నా," అంది చిట్టి. "అమ్మ పోయినవారమే అన్నీ నేర్పేసింది. ఆబ్‌స్ట్రాక్ట్ నౌన్ అంటే విశ్రాంతి. ఉందని తెలుస్తుంది, కంటికి కనపడదు."

"ఆదివారాలు నాకూ కనపడదు," అంటూ భార్య తడిగుడ్డ చేతికిచ్చింది.

ఆయన మళ్లీ నిచ్చెనెక్కాడు. కిటికీలోంచి సెలూనాయన గొంతు వినపడింది. వస్తున్నావా, కప్పు ఎలక్ట్రీషియన్‌కే ఇచ్చేయమంటావా అని.

"ఇచ్చేయండి," అన్నాడు బొంగరం, అటకలోంచి తుమ్ముతూ.