ఆర్డిస్ టోలెఫ్‌సన్ వదులుకున్న శనివారం

లోకంలో రోగాలూ, కాలిపోయే కొంపలూ ఉన్నంతకాలం స్పగెటి కూడా ఉంటుందని హాల్వర్ లేక్ స్వచ్ఛంద అగ్నిమాపక దళం వారి సహాయార్థ భోజనాల సంఘం 1974లోనే తీర్మానించింది. మిన్నెసోటాలో ఉత్తరపు కొసన ఉన్న ఆ ఊళ్ళో ఎవరికైనా కష్టమొస్తే ఒక శనివారం సాయంత్రం ఫైరింజన్లను ఆరుబయట నిలబెట్టి, ఆ షెడ్డులో బల్లలు వేసి, స్పగెటి వండి ఊరందరికీ పెడతారు. వచ్చినవాళ్ళు తిని, గుమ్మం దగ్గరున్న పాత ఫైర్‌మన్ బూటులో తోచినంత వేసి వెళతారు. ఇంతకంటే తేలికైన ఏర్పాటు ఎక్కడా ఉండదు కాబట్టి దానికి పద్నాలుగు పేజీల నిబంధనావళి రాసుకున్నారు. (సాసులో వెల్లుల్లి ఎంత పడాలన్న చర్చ ఆరో పేజీలో మొదలై తొమ్మిదో పేజీలో తేలుతుంది. రెండు రెబ్బలు. నలభై గ్యాలన్లకి.)

ఈ సంఘానికి ఇరవై రెండేళ్ళుగా కార్యదర్శి ఆర్డిస్ టోలెఫ్‌సన్. శనివారాలు పంచేదీ ఆవిడే, సాసు కలిపేదీ ఆవిడే. ఇన్నేళ్ళలో తనకోసం ఒక్క శనివారం కూడా అడిగి ఎరగదు. ఈ ఏడు అడగక తప్పింది కాదు. ఆవిడ భర్త వెర్న్‌కి షుగరు ముదిరి, జూలైలో కుడికాలు మోకాలి కింది నుంచి తీసేశారు. ముప్పై ఒక్క ఏళ్ళు కౌంటీ వారి మంచు తోసే లారీ నడిపి ఊరందరికీ దారి చేసిన మనిషి, ఇప్పుడు సొంత గుమ్మం ముందున్న నాలుగు మెట్లు దిగలేడు.

ఎండాకాలమంతా పొరుగువాళ్ళిద్దరు అతణ్ణి వీల్‌ఛెయిర్‌తో సహా ఎత్తి దించారు. మెట్ల మీద మంచు గడ్డకట్టాక ఆ సాహసం కుదరదు. పోనీ అని రెండు చెక్కలు వాల్చి చూశారు. కౌంటీ తనిఖీ అధికారి వచ్చి, అడుగుకి అంగుళం మించి వాలు ఉండకూడదనీ, ర్యాంపు అనే వాలుదారి లైసెన్సున్నవాడే కట్టాలనీ చెప్పి ఆ చెక్కలు తీయించాడు. (మెట్లకి మాత్రం ఏ అభ్యంతరమూ లేదు. మెట్ల మీంచి పడటం పౌరుడి సొంత నిర్ణయం.) లైసెన్సున్నవాడు తొమ్మిది వేల డాలర్లు అన్నాడు. మంచు పడేలోగా ఆ ర్యాంపు లేవకపోతే వెర్న్ ఏప్రిల్ దాకా వంటింటి కిటికీ పక్కనే కూర్చోవాలి. ఆర్డిస్‌కి నిద్ర పట్టనిది అందుకే.

మంచుకి ముందు మిగిలిన శనివారం ఒక్కటే, అక్టోబరు రెండోది. ఆ తర్వాత జింకల వేట మొదలవుతుంది, ఊళ్ళో మనిషి కనబడడు. ఆపైన చలికి ఫైరింజన్లను బయట పెట్టకూడదు గనక ఏప్రిల్ దాకా షెడ్డు ఖాళీ ఉండదు. ఆర్డిస్ రెండు వారాలు సిగ్గుపడి, ఫారం నింపి, కార్యదర్శి హోదాలో తన దరఖాస్తు తానే అందుకుని, తనకి తానే రసీదు ఇచ్చుకుంది. మర్నాడు రెండో దరఖాస్తు వచ్చింది.

అది ప్రెస్కాట్ వెండెల్ గారిది. ఆయన చికాగో మనిషి. సరస్సు ఒడ్డున ఆయనకో క్యాబిన్ ఉంది. (పదకొండు బాత్రూములున్నా సరే, సరస్సు ఒడ్డున ఉంటే మా వైపు దాన్ని క్యాబిన్ అనే అంటారు.) ఆయనకి నీటి మీద తేలే ఆవిరిగది ఒకటి కట్టించుకోవాలని ఉంది. "నాలోని నిశ్శబ్దాన్ని వెతుక్కోవడానికి" అని ప్రయోజనం గడిలో రాశారు. కావలసిన మొత్తం రెండు లక్షల నలభై వేలు.

సంఘం అధ్యక్షుడు గోర్డీ రాస్ముసెన్‌కి ఆ నిశ్శబ్దం ధర ఎక్కువనిపించింది. ఫోన్ చేశాడు.

"వెండెల్ గారూ, ఏమనుకోకండి. ఈ ఖర్చు మీరే పెట్టుకోవచ్చు కదా?"

"పెట్టుకోవచ్చు గోర్డీ గారూ. కానీ అప్పుడు అది నాదైపోతుంది. అదే ఊరంతా పెట్టిందనుకోండి, ఊరిదవుతుంది."

"అంటే మేమూ వచ్చి కూర్చోవచ్చా?"

"భావపరంగా, తప్పకుండా" అన్నారు వెండెల్ గారు.

దరఖాస్తులకి మార్కులు వేసే పద్ధతి నిబంధనావళిలో పదకొండో పేజీలో ఉంది. మొదటి ప్రశ్న, దరఖాస్తుదారు పేరు మీద ఏమేం ఉన్నాయి? ఆర్డిస్ నిజాయితీగా రాసింది. ఇల్లు, పదిహేనేళ్ళ పికప్ ట్రక్కు, డీప్ ఫ్రీజరు, అందులో పోయినేటి జింక ముప్పాతిక. వెండెల్ గారు కూడా నిజాయితీగానే రాశారు. క్యాబిన్ ఒక ట్రస్టుది. పడవ ఒక కంపెనీది. కారు ఆ కంపెనీ ట్రస్టుకి అద్దెకిచ్చింది. కాళ్ళకున్న బూట్లు భార్య బహుమతి. పేరు మీద ఏమీ లేదు. హాల్వర్ లేక్ చరిత్రలో ఆ గడిలో సున్నా వేసిన మొదటి మనిషి ఆయనే. పోయినేడు ఇల్లు కాలిపోయిన కుటుంబం కూడా కోళ్ళున్నాయని రాసింది.

రెండో ప్రశ్న, ఇంకా ఎంత తక్కువపడుతోంది? ఆర్డిస్‌కి తొమ్మిది వేలు, ఆయనకి రెండు లక్షల నలభై వేలు. ఆ లెక్కన ఆయన కష్టం ఆవిడ కష్టానికి ఇరవై ఆరు రెట్లు పైమాట. మొత్తం మీద వెండెల్ గారికి తొంభై నాలుగు మార్కులు, ఆర్డిస్‌కి ముప్పై ఒకటి వచ్చాయి. కూడింది ఆర్డిసే. రెండుసార్లు కూడింది.

సంఘంలో ఉన్న ఐదుగురికీ మనసులో ఆర్డిసే ఉంది. అయితే ఆ మాట పైకి అంటే వెండెల్ గారు నొచ్చుకుంటారని ఎవరూ అనలేదు. కాబట్టి పన్నెండో పేజీ ప్రకారం దరఖాస్తుదారులిద్దర్నీ కాఫీకి పిలిచి, మీరూ మీరూ తేల్చుకోండి అన్నారు. ఇంతవరకూ ఈ నిబంధన ఎన్నడూ బెడిసికొట్టలేదు. మా వైపు ఎవరేం ఇవ్వబోయినా మొదటిసారి వద్దనాలి, రెండోసారి "అయ్యో, ఎందుకండీ" అనాలి, మూడోసారికి తీసుకోవాలి. పసిపిల్లలకి కూడా తెలిసిన సంగతి ఇది.

బల్ల మీద నిమ్మకాయ బార్లనే తీపి ముక్కల పళ్ళెం పెట్టారు. చివరికి ఒక్క ముక్క మిగిలింది. గోర్డీ దాన్ని సగం కోసి సగం తీసుకున్నాడు. ఆర్డిస్ మిగిలిన సగంలో సగం తీసుకుంది. మిగిలిన పావు ముక్కను వెండెల్ గారు కబుర్లు చెబుతూ చెబుతూ నోట్లో వేసేసుకున్నారు. మా వైపు చివరి ముక్కను సగం చేస్తూ పోవాలే గాని ఎవరూ పూర్తి చెయ్యకూడదు. ఆర్డిస్ అప్పుడే మేలుకోవాల్సింది. మేలుకోలేదు.

"మీకు మరీ అంత అవసరమైతే ఆ శనివారం మీరే తీసుకోండి వెండెల్ గారూ. మాదేముంది, ఎలాగో నెట్టుకొస్తాం" అంది, అలవాటు కొద్దీ, నవ్వుతూ.

"చాలా సంతోషం!" అని వెండెల్ గారు లేచి ఆవిడ రెండు చేతులూ పట్టుకున్నారు. "ఇలాంటి మనసు చికాగోలో దొరకదండీ."

ఆర్డిస్ నోరు తెరిచింది. ఆ నోట్లోంచి, ఇరవై రెండేళ్ళ అనుభవం కొద్దీ, "ఎందరొస్తారనుకుంటున్నారు?" అన్న మాట వచ్చింది.

ఇంటికొచ్చి చెప్పేసరికి వెర్న్ కిటికీలోంచి మొహం తిప్పలేదు.

"ఒక్కసారి కూడా వద్దనలేదా?"

"ఒక్కసారి కూడా అనలేదు వెర్న్. నేను రెండోదానికి మాట సిద్ధం చేసుకుని కూర్చున్నా."

"నువ్వు ఎందుకిచ్చావే అసలు?"

"నేనెక్కడ ఇచ్చాను? ఇవ్వబోయాను, అంతే. ఆయన తీసేసుకున్నాడు!" అని ఆర్డిస్ ఏడ్చేసింది. వెర్న్ కుర్చీ వెనక్కి తిప్పుకుని వచ్చి ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. "పోనీలే. ఊరుకో. ఈ ఏడు మంచు ఆలస్యంగా పడుతుందేమో" అన్నాడు. ముప్పై ఒక్క ఏళ్ళ అనుభవంలో ఆ మాట అతను ఎన్నడూ నమ్మలేదు.

శనివారం రానే వచ్చింది. ఆర్డిస్ సాసు కలిపింది, రెండు రెబ్బలు. ఊరు ఊరంతా వచ్చింది. నిజానికి అందరూ ఆర్డిస్ ర్యాంపు కోసమని నెలరోజులుగా కొంత తీసి పెట్టుకున్నవాళ్ళే. కానీ భోజనానికి పిలిస్తే వెళ్ళకపోవడం బాగుండదు, వెళ్ళాక బూటు ముందు ఖాళీ చేతులతో నిలబడటం అంతకంటే బాగుండదు. కాబట్టి ర్యాంపు కోసం దాచినవి జేబులోంచి తీసి, ఆర్డిస్ వైపు ఒకసారి జాలిగా చూసి, బూటులో వేశారు. చిల్లర లేనివాళ్ళ కోసం వెండెల్ గారు కార్డుతో డబ్బు కట్టే తెర కూడా ఒకటి పెట్టించారు. వేలు పెడితే యాభై, వంద, రెండొందలు అని చూపిస్తుంది. "ఇప్పుడు కాదు" అన్న మాట కూడా ఉంది, అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో. దాన్ని నొక్కితే తెర "పర్వాలేదు, వెనక వరుసలో ఉన్నవారు చూడటం లేదు" అంటుంది.

వెండెల్ గారు బల్ల ఎక్కి మాట్లాడారు. అడగడానికి ఎంత ధైర్యం కావాలో మీకు తెలియదన్నారు. తాను అడగడం నేర్చుకోవడానికి ఒక శిక్షకుణ్ణి పెట్టుకున్నానన్నారు. వంద వేసినవారి పేరు ఆవిరిగది అడుగు చెక్కల మీద చెక్కిస్తామన్నారు. (నీళ్ళకి ఆనుకుని ఉండే అడుగు అది.) సాసు గిన్నె పక్కన నిలబడి ఉన్న ఆర్డిస్ గరిటెను గిన్నె అంచుకేసి గట్టిగా కొట్టింది. అయినా కార్యదర్శి అన్నాక వెయ్యకపోతే నలుగురూ ఏమనుకుంటారని, తనూ వెళ్ళి ఒక ఇరవై వేసి వచ్చింది.

"నువ్వు కూడానా ఆర్డిస్?" అన్నాడు గోర్డీ, నెమ్మదిగా.

"నువ్వెంత వేశావ్?"

"నలభై."

"మరి నోర్మూసుకో."

ఆ రాత్రి భోజనాలతోనూ, ఆ తెర ద్వారా చికాగో నుంచే డబ్బు పంపిన స్నేహితులతోనూ కావలసింది పూర్తిగా కూడింది. అక్టోబరు ఇరవై ఎనిమిదిన మంచు పడింది. పొరుగువాళ్ళిద్దరూ వచ్చి మెట్లు చూసి, తలలు గోక్కుని, ఆర్డిస్‌కి గిన్నెడు క్యాసరోల్ వంటకం ఇచ్చి వెళ్ళారు. వెర్న్ కిటికీ దగ్గర కూర్చుని, మంచు తోసే లారీకి కొత్తగా వచ్చిన డ్రైవరు వంపు దగ్గర గేరు తప్పు వేస్తున్నాడని రోజూ చెప్పడం మొదలుపెట్టాడు.

ఫిబ్రవరిలో వెండెల్ గారి దగ్గర్నించి బంగారు అంచున్న కవరు వచ్చింది. ఆర్డిస్ చదివి వినిపించింది. ఆవిరిగది పూర్తయింది. సరస్సు గడ్డకట్టినందున తేలే కార్యక్రమం వసంతానికి వాయిదా పడింది. అయితే ప్రజల సొమ్ముతో కట్టినదానికి వికలాంగులు వెళ్ళే ఏర్పాటు తప్పనిసరి అని కౌంటీ వారు సెలవిచ్చినందున, ఒడ్డు మీది నుంచి మంచు మీదికి నలభై అడుగుల ర్యాంపు కట్టించారు. పలకల కింద వేడి తీగలు కూడా వేయించారు, మంచు నిలవకుండా. దాని మీద మొట్టమొదట నడిచే, అనగా దొర్లే, గౌరవం వెర్న్ గారికి ఇవ్వదలిచారు. కుర్చీ ఎవరిది వారే తెచ్చుకోవలెను.

"వేడి తీగలా?" అన్నాడు వెర్న్.

"ఆఁ. వేడి తీగలు."

ఆర్డిస్ జవాబు రాసింది. పిలిచినందుకు కృతజ్ఞతలనీ, ఇంటి మెట్లు దిగడం కుదరనందున ఏప్రిల్ దాకా రాలేమనీ రాసింది. వెండెల్ గారు అర్థం చేసుకునే మనిషి. పని ఆగకూడదు గనక ఒక వీల్‌ఛెయిర్ అద్దెకి తెచ్చి, తానే కూర్చున్నారు. ఆ ఫోటో ఊరి వారపత్రికలో మొదటి పేజీలో వచ్చింది. ర్యాంపు పై కొసన వెండెల్ గారు ఒళ్ళో దుప్పటి కప్పుకుని దిగులుగా దూరంగా చూస్తున్నారు. ర్యాంపు కింది కొసన, ఆవిరిలోంచి వచ్చి మునగడానికి మంచులో కోయించిన నలుచదరపు గుంట, నల్లటి నీళ్ళు. కింద ఒక ప్రకటన. రెండో విడత దాతల కోసం వెండెల్ గారు ప్రతి శనివారం గంటసేపు అక్కడే, అలాగే కూర్చుంటారు.

వెర్న్ కళ్ళజోడు పెట్టుకుని ఆ ఫోటోను చాలాసేపు చూశాడు.

"బ్రేకు వెయ్యలేదు ఆర్డిస్."

"ఏదీ?"

"ఇదిగో, చక్రం పక్కన పిడి. వెనక్కి ఉంది చూడు. ఆ వాలు మీద అలా కూర్చోకూడదు. ఎవరైనా ఫోన్ చేసి చెప్పాలి."

ఆర్డిస్ కూడా దగ్గరికి తీసుకుని చూసింది. పత్రికను శుభ్రంగా నాలుగు మడతలు పెట్టి, పొయ్యి దగ్గర కట్టెల బుట్టలో వేసింది.

"ఆయన అడిగాడా?" అంది.

"లేదనుకో."

"మరి?"

వెర్న్ కళ్ళజోడు తీసి పక్కన పెట్టేశాడు. అడగనిదే సాయం చెయ్యడం హాల్వర్ లేక్‌లో మర్యాద అనిపించుకోదు.