ముప్పైరెండుకు తక్కువైతే తీసుకోను

ఆ పొద్దున నాంపల్లి మీద మబ్బులు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుగా ఉన్నాయి. కదలడం లేదు. డాబా మీద పళ్ళు తోముకుంటూ వెంకటేశం వాటినే చూశాడు. తన ఆఫీసులో దస్త్రాలూ అంతే. కురవవు, పోవు.

ఆయనకు ఆ రోజు ఒక్కటే పని. ఆఫీసులోని పాత కంప్యూటర్లను సాయంత్రం ఐదింటికి టెంపోలో తీసుకుపోయి, లోపలున్నదంతా తుడిచేస్తారు. సొంత ఫైళ్ళుంటే ఆలోపే తీసుకోవాలి. వెంకటేశం కంప్యూటర్లో నలభై మూడు బతుకమ్మ పాటలున్నాయి. పోయినేడు కాలం చేసిన అత్తగారి గొంతు అది. భార్య వసుమతి ఫోన్ నిండిపోయిందంటే ఆయనే వాటిని ఆఫీసు కంప్యూటర్లోకి ఎక్కించి, ఫోన్లోంచి తీసేసి, "భద్రంగ పెట్టిన" అని చెప్పాడు. ఆ భద్రం ఐదింటిదాకేనన్న సంగతి ఆమెకు తెలియదు.

"ఎంగిలిపూల బతుకమ్మకు నాలుగు రోజులే ఉన్నది. అమ్మ పాటలు ఇయ్యాలన్న తెస్తరా, ఇంకో ఏడు భద్రంగ పెడ్తరా?" అంది వసుమతి, టిఫిన్ డబ్బా మూత నొక్కుతూ.

"తెస్త. అబిడ్స్‌ల పెన్ డ్రైవ్ కొంట."

కూతురు మృదుల తలెత్తకుండానే అంది, "క్లౌడ్‌ల పెట్టరాదు నాన్నా. ఏడికీ పోవు."

"క్లౌడంటె?"

"మబ్బు."

వెంకటేశం కిటికీలోంచి పైకి చూశాడు. "మీ అమ్మమ్మను మబ్బుల పెట్ట. అది ఎవనిదో ఏమో. నా ఫైళ్ళు నా జేబుల ఉండాలె. తడిమితె చేతికి తగలాలె."

ఆఫీసులో సంతకం పెట్టి, మెట్లు దిగుతూ అటెండర్ ఎల్లేష్‌కు చెప్పాడు. "సారొస్తె పెన్ డ్రైవ్ కోసం పోయిన్నని చెప్పు. మనోళ్ళకు గూడ చెప్పు. కావాల్నన్నోళ్ళు ఫోన్ చేస్తరు."

సరిగ్గా అప్పుడే రోడ్డు మీద నీళ్ళ ట్యాంకర్ హారన్ కొట్టింది. ఎల్లేష్‌కు ఇరవై రెండేళ్ళ సర్వీసు. అందులో పెన్నులు కిందపెట్టే పెన్ డౌన్ సమ్మెలు చాలా చూశాడు. చెవికి అలవాటైన మాటే చెవిలో పడింది. పోయి యూనియన్ కార్యదర్శి రాజేందర్‌కు చెప్పాడు, "సార్, వెంకటేశం సార్ పెన్ డౌన్ అన్నడు. అందరికీ చెప్పమన్నడు."

"నన్ను అడగకుండనా?" అన్నాడు రాజేందర్. తర్వాత ఆలోచించాడు. ముప్పై ఏళ్ళు నోరు తెరవని మనిషి తెరిచాడంటే ఊరికే తెరవడు. వెనకబడితే యూనియన్ పరువేం కాను? పది నిమిషాల్లో పంతొమ్మిది పెన్నులు బల్ల మీద పడ్డాయి. రాజేందర్ వాటికి రబ్బరు బ్యాండు వేశాడు.

అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఒకతను పెన్ డ్రైవ్ డబ్బీ చూపిస్తూ వెంకటేశాన్ని ఆపాడు. "అంకుల్, రెండు టీబీ. చాన సస్త రేటు."

"ఒక్క టీబీకే దవాఖానకు పోతరు. రెండెందుకు?" అని వెంకటేశం ముందుకు నడిచాడు. అయినా ఆ డబ్బీని చూడనే చూశాడు. కంపెనీ పేరులో ఒక అక్షరం తప్పుంది, అంచు గోరు తగిలితేనే ఊడేట్టుంది. అంత అగ్గువకు అంత చోటంటే, కోఠి బస్సులో ఇంకో వందమంది పడతారన్నట్టే.

బిల్లిచ్చే దుకాణంలోకి పోయి కూర్చున్నాడు. యజమాని పెద్దాయన, తెల్లటి గడ్డం. "ఎంత జీబీ కావాలె?"

"నలభై మూడు పాటలు పట్టాలె."

"పదహారు తీస్కోండి. వెయ్యి పాటలు పడతయి."

"ఆమె పాటలు పొడుగు. ఇంకా పెద్దది చూపియ్యిన్రి. ఇనుపది, మూత పోనిది."

ఫోన్ మోగింది. "అన్నా, నేను రాజేందర్. నాకొక మాట చెప్పకపోతివి. సరే, మేమంత నీ ఎంబడే ఉన్నం. ఏడిదాక వచ్చింది?"

బేరం సంగతి అనుకున్నాడు వెంకటేశం. "పదహారు ఇస్తమంటున్నరు."

"పదహారా?" రాజేందర్ గొంతు పడిపోయింది. జీతాల పెంపు ఎంత శాతం దగ్గర తేలుతుందోనని ఆఫీసంతా రెండేళ్ళుగా కాచుక్కూర్చుంది. "పదహారు దేనికి సరిపోతదన్నా?"

"నేనూ గదే అన్న. ముప్పైరెండుకు తక్కువైతె తీసుకోను."

"ఎవరితో అన్నవు?"

"పెద్దాయనతోనే. ఎదురుంగ కూసున్నడు."

మంత్రి తన ఎదుటే ఉన్నట్టు రాజేందర్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "అరవైనాలుగు అడుగరాదె. తగ్గించినా ముప్పైరెండు కాడ ఆగుతది."

"అరవైనాలుగు గూడ ఉన్నదంట. మనకంత ఆశెందుకు? ఐదేండ్ల గ్యారంటీ, కాగితం రాసిస్తరు."

"ఐదేండ్లకొకసారే గదన్నా ఇచ్చేది" అన్నాడు రాజేందర్, కళ్ళు తుడుచుకుంటూ.

వెంకటేశం తాళాల రింగుకు తగిలించుకునే ఇనుప డ్రైవ్ ఎంచుకున్నాడు. దుకాణంలోనే ఒక ఫైలు ఎక్కించి, తీసి, మళ్ళీ పెట్టి తెరిపించి చూసుకున్నాడు. అప్పుడే లేచాడు.

ఆఫీసు గేటు దగ్గర జనం. "ముప్పైరెండుకు తక్కువైతే" అని ఒక గొంతు, "తీసుకోం" అని పద్దెనిమిది గొంతులు. దుకాణంలో అన్న మాట వీళ్ళకెట్లా తెలిసిందో వెంకటేశానికి అర్థం కాలేదు. అడిగేలోపే ఎల్లేష్ ఆయన మెడలో బంతిపూల దండ వేశాడు. వెనకాల టెంపో అప్పుడే వచ్చి నిలబడి ఉంది. సమ్మె అనగానే ఆఫీసరు అమరేశ్వరరావు కంప్యూటర్లు ముందే పంపించెయ్యమన్నాడట.

వెంకటేశం దండతోనే లోపలికి పరిగెత్తాడు. ఇద్దరు మనుషులు ఆయన కంప్యూటర్ వైర్లు లాగబోతున్నారు. పోయి దాని మీద చెయ్యి వేశాడు. "ఇది కదలది."

"కదలది, కదలది" అన్నారు వెనకనుంచి.

అమరేశ్వరరావు వచ్చాడు. "ఏవండీ వెంకటేశం గారూ, ముప్పయ్యేళ్ళు నోరు విప్పని మనిషి, విప్పి విప్పి నా మీదే విప్పాలా? ఆ శాతాలు నా చేతిలో ఉంటాయటండీ? అసలు మీ డిమాండ్ ఏవిటి?"

వెంకటేశం జేబులోంచి డ్రైవ్ తీసి చూపించాడు. "ముప్పైరెండు జీబీ సార్. జర పావుగంట టైమియ్యిన్రి. పాటలు తీస్కుంట."

బయట నినాదం "తక్కువైతే" దగ్గర ఆగిపోయింది. రాజేందర్ దగ్గరికొచ్చి ఆ ఇనుప ముక్కను చూశాడు. "అన్నా, ఇది పెన్ డ్రైవా?"

"ఔ. నువ్వేమనుకున్నవు?"

అందరూ ఎల్లేష్ వైపు చూశారు. ఎల్లేష్ ఫ్యాన్ వైపు చూశాడు. "ట్యాంకరోడు హారన్ కొట్టిండు సార్."

"పెన్ డ్రైవ్ పెట్టే యూఎస్‌బీలన్నీ మూసేశాం కదండీ" అన్నాడు అమరేశ్వరరావు. "తెరవాలంటే స్వదస్తూరితో అర్జీ రాసివ్వాలి. ఆ సర్క్యులర్ టైపు చేసింది మీరే."

వెంకటేశం సంతకం పెట్టిన పెన్ను రాజేందర్ రబ్బరు బ్యాండు వేసిన కట్టలోనే ఉంది. పొద్దున బల్ల మీద వదిలి వెళ్ళాడు. వెంకటేశం అటు చెయ్యి చాపాడు. రాజేందర్ ఆ చెయ్యి పట్టుకున్నాడు. "నువ్వే ఎత్తితె ఎట్లన్నా? అందరి ముందల మన ఇజ్జత్ పోతది."

"ఇజ్జత్ పోతె మల్ల సంపాయించుకుందం. మా అత్త మల్ల పాడది."

రాజేందర్ చెయ్యి వదిలేశాడు. తనే రబ్బరు బ్యాండు తీశాడు.

అర్జీ మూడు వాక్యాలు. అమరేశ్వరరావు ఆకుపచ్చ సిరాతో సంతకం చేసి, కాగితం ఇవ్వకుండా పట్టుకున్నాడు. గొంతు తగ్గించాడు. "ఆ ముప్పైరెండులో ఇంకా చోటుంటుందాండీ? మా అమ్మాయి అరంగేట్రం వీడియో నా కంప్యూటర్లోనే ఉండిపోయింది."

"రెండు వేల పాటల చోటున్నది సార్. పెట్టిన్రి."

పాటలు ఎక్కడం మొదలైంది. మధ్యాహ్నం కావడంతో టిఫిన్ డబ్బాలు తెరిచారు. టెంపో మనుషులనూ కూర్చోబెట్టారు. సరిగ్గా ఎక్కాయో లేదో చూడడానికి వెంకటేశం మొదటి పాట తెరిచాడు. ముసలి గొంతు నెమ్మదిగా ఉయ్యాలో అని అందుకుంది. నడుమ ఒకసారి దగ్గి, "గిది తీసెయ్యి బిడ్డా" అంది. రికార్డు చేసిన వసుమతి ఏడాది కింద ఆ దగ్గు తీయలేదు.

అందరూ కలిసి తిన్నారు. ఆఫీసరు డబ్బాలోని గోంగూర పచ్చడి చేతులు మారింది, అడగకుండానే.

చెయ్యి కడుక్కున్నాక రాజేందర్ యూనియన్ మినిట్స్ పుస్తకం తెరిచి రాసుకున్నాడు: "పెన్ డౌన్. డిమాండ్: ముప్పైరెండు. సాధించబడినది."