జల విధేయతా సిద్ధాంతం

మా సంస్థకు ప్రాణంలాంటి ప్రోటీన్ మాయమైంది!

ట్యూబు ఉంది. మూత ఉంది. మూత మీద డైరెక్టరుగారి సంతకం కూడా చెక్కుచెదరకుండా ఉంది. లోపల ప్రోటీన్ మాత్రం లేదు. ప్రోటీన్ తగలగానే నీలంగా మారాల్సిన రంగుచుక్క, ఎంత బతిమాలినా గోధుమరంగులోనే ఉండిపోయింది. నీలంగా మారింది నా ముఖం!

పక్క హాల్లో తనిఖీ కమిటీ కూర్చుని ఉంది. ఇంకాసేపట్లో ఈ ట్యూబునే నీటి అణువుల కదలికను గీతగా చూపే మిషన్‌లో పెట్టి, జగత్ప్రసిద్ధం కాబోతున్న 'జల విధేయతా సిద్ధాంతా'న్ని వాళ్ల కళ్లముందు నిరూపించాలి.

సిద్ధాంతకర్త మా డైరెక్టరు. ఆఫీసులో నాకు 'సార్', ఇంట్లో మామగారు. ఆయన మాటల్లోనే చెబుతాను: "ప్రోటీన్ అణుప్రపంచంలో పెద్దమనిషి! పెద్దమనిషి నీళ్లలో దిగితే చుట్టూ ఉన్న నీటి అణువులు చేతులు కట్టుకుని, ఆయన వైపు తిరిగి, మంచుగడ్డలా నిలబడిపోతాయి. ఇక కదలవు!"

సంస్థలో అందరికీ ఈ సిద్ధాంతం నచ్చింది. నచ్చకపోవడానికి మాకేమన్నా పిచ్చా? నచ్చనిది ఒక్క మా ఆవిడకే. ఆవిడా ఇక్కడే శాస్త్రవేత్త. పైగా ఆయన కన్నకూతురు.

"నీళ్లు ఎవరి దగ్గరా నిలబడవు నాన్నా! పెద్దమనిషి ఎదురైతే ఓ నమస్కారం పెట్టి తప్పుకుపోతామే, అలా ఓ క్షణం నెమ్మదిస్తాయి. అంతే! నువ్వు రెప్పవేసే లోపల ఎన్ని కోట్లసార్లు చోటు మార్చుకుంటాయో తెలుసా?" అని నిండు సభలో అనేసింది. అందుకే ఇవాళ కమిటీ ఎదుట ఆ మాట వెనక్కి తీసుకోవాలి, లేదా ఉద్యోగం వదులుకోవాలి. ఇదీ మామగారి ఉత్తర్వు.

నేను ఆయన గదికి పరిగెత్తాను. సంస్థ మొత్తంలాగే అక్కడా ఏసీ గజగజలాడిస్తోంది. మా డైరెక్టరుగారికి చల్లదనం ఇష్టమని ప్రతీతి. అందుకే మేమంతా ఎండాకాలంలోనూ స్వెటర్లతో వస్తాం. ఆయన "ఎలా ఉందర్రా?" అంటే, పళ్లు టకటకలాడుతుండగా "హాయిగా ఉంది సార్!" అంటాం.

"సార్, కొంప మునిగింది! ట్యూబులో ఉత్త నీళ్లే ఉన్నాయి!"

ఆయన కుర్చీలో కూలబడ్డారు. మరుక్షణమే లేచారు.

"ఫ్రిజ్ తాళం ఎవరెవరి దగ్గరుంది?"

"మీ దగ్గర, నా దగ్గర, మీ అమ్మాయి దగ్గర."

"ఇంకేం! దొంగ ఇంట్లోనే ఉంది! సిద్ధాంతాన్ని ఓడించలేక ప్రోటీన్‌నే లేపేసింది!"

అప్పుడే మా ఆవిడ లోపలికి వచ్చింది. విషయం విని, కోప్పడలేదు. నవ్వింది. ఆ నవ్వు నాకు తెలుసు. ఇంట్లో ఆ నవ్వు తర్వాత సాధారణంగా నేనే ఓడిపోతాను.

"ఆ ట్యూబునే మిషన్‌లో పెట్టండి" అంది.

"ఉత్త నీళ్లు పెడతామా?" మామగారు అదిరిపడ్డారు. మా సంస్థలో అది మహాపరాధం! పెద్దమనిషి లేకుండా పరివారాన్ని కొలవడం పెద్దమనిషికే అవమానమని ఆయన ఏనాడో ఆంక్ష పెట్టారు. పోలికకు ఉత్త నీళ్ల అంకెలు పుస్తకంలో ఉన్నాయిగా, చాలు!

"పెట్టకపోతే దొంగతనం సంగతి కమిటీకి చెప్పాలి. నీ ఇష్టం" అంది కూతురు.

పెట్టాం. కమిటీ మొత్తం మిషన్ తెర ముందు చేరింది. మిషన్ గుర్రుమంది. గీత మొదలైంది... నెమ్మదిగా, వినయంగా, నేలచూపులు చూస్తూ! ఎప్పుడూ వచ్చే గీతే! నీటి అణువులు చేతులు కట్టుకుని నిలబడ్డాయి!

చప్పట్లు మోగాయి. చేతులు వేడెక్కుతాయని మావాళ్లు ఇంకాస్త గట్టిగా కొట్టారు.

"అద్భుతం! సరే గానీ, అందులో ప్రోటీన్ లేదండీ" అంది మా ఆవిడ. "మరి ఈ నీళ్లు ఎవరికి దండం పెడుతున్నట్టు?"

చప్పట్లు మధ్యలోనే ఆగిపోయాయి. అప్పుడు కమిటీ అధ్యక్షురాలు చీర కొంగు భుజాల చుట్టూ లాక్కుంటూ ఒక ఘోరమైన మాట అన్నారు. "అబ్బ, ఈ గదేమిటి బాబూ, ఇంత చలిగా ఉంది?"

హాలంతా స్తంభించింది. ఆ మాట మా సంస్థలో ఇంతవరకూ ఎవరూ పైకి అనలేదు!

మా ఆవిడ ట్యూబును బయటికి తీసి, గుప్పిట్లో పట్టుకుని, చలికి పిచ్చుకపిల్లను దాచినట్టు కాసేపు అలాగే నిలబడింది. మళ్లీ మిషన్‌లో పెట్టింది.

గీత ఎగిరింది! గంట కొట్టగానే బడిలోంచి పరిగెత్తే పిల్లల్లా నీళ్లు గంతులేశాయి!

"ఇన్నాళ్లూ నీళ్లు నెమ్మదించింది గౌరవంతో కాదు. చలితో!" అంది.

ఎవరో స్వెటర్ విప్పారు. ఆ చప్పుడుకు ఇంకొకరు విప్పారు. అందరూ మామగారి పక్క నుంచి ఒక్కొక్క అడుగే జరిగి, అధ్యక్షురాలి చుట్టూ చేరారు. "నిజమే మేడం, చలే!" "మొదటినుంచీ చలే మేడం!"

మామగారు ఒంటరిగా మిగిలారు. కూతురు దగ్గరికి వెళ్లి మెల్లగా అడిగింది. "ప్రోటీన్ ఎవరు తీశారు నాన్నా?"

ఆయన కోటు గుండీలు విప్పారు. లోపల ఒక స్వెటర్. దాని కింద ఇంకో స్వెటర్! దాని కింద మఫ్లర్!

"నేనేనమ్మా. రెండేళ్లనాడు ట్యూబును కిటికీ దగ్గర ఎండలో మరిచిపోయాను. ఉడికిన తెల్లసొనలా గడ్డకట్టింది. గుట్టుగా సింకులో పారబోసి, నీళ్లు నింపి పెట్టాను. మర్నాడు గీత అలాగే వచ్చింది! పెద్దమనిషి పోయినా పరివారం లేచి నిలబడే ఉందంటే, ఎంత విధేయతో అనుకున్నా! మాట వెనక్కి తీసుకోవాల్సింది నువ్వు కాదు తల్లీ, నేను. ఇక ఏసీ అంటావా, చేరిన రోజున ఆ మీట పొరపాటున నొక్కాను. 'ఎలా ఉందర్రా?' అంటే, 'హాయిగా ఉంది సార్!' అన్నారు వీళ్లంతా. అంతమందికి హాయిగా ఉంటే, డైరెక్టరునై ఉండి నాకొక్కడికే చలేస్తోందని ఎలా చెప్పను? అప్పట్నుంచీ వణుకుతూనే ఉన్నాను. ఆ కిటికీ తియ్యమ్మా, నీకు పుణ్యం ఉంటుంది!"